జామచెట్టు తరపున మా పెద్దమ్మ

మొన్న ఆదివారం మా ఇంటికి చైనా వాస్తు చెప్పే ఆయన వచ్చాడు. చైనా నుంచి దిగాడనుకునేరు, ఉండేది మల్కాజిగిరిలోనే. కాకపోతే చేతిలో పళ్లెమంత దిక్సూచి, దాని నిండా ఆయనకైనా అర్థమవుతాయో లేదో అని నాకు అనుమానం కలిగించిన ఎర్రటి అక్షరాలు, సంచిలో ఎనిమిది మూలల అద్దం ఒకటి ఉన్నాయి. పిలిపించింది మా అబ్బాయే. వాళ్ల ఆఫీసులో ఒకాయనకు ఈయన చెప్పినట్టు ఇంటిముందు చెట్లు మార్చాక ఆగిపోయిన ప్రమోషన్ వచ్చిందట, ఇంకొకాయనకు కవలలు పుట్టారట. ప్రమోషన్ సంగతి ఏమోగానీ, కవలల మాట చెప్పేటప్పుడు మావాడు కోడలి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మేము ఉంటున్నది శామీర్‌పేట దగ్గర ఒక కాలనీలో. నేను బళ్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, మా ఆయన పోయాక కొడుకూ కోడలి దగ్గరే ఉంటున్నాను. ఈ కాలనీ లేచిన నేల ఒకప్పుడు ద్రాక్షతోట. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇటు శామీర్‌పేట నుంచి అటు మేడ్చల్ దాకా ఎటు చూసినా రాతి స్తంభాల మీద పందిళ్లు, వాటి కింద తలవంచుకుని నడిచే ఆడకూలీలు, కాపు దిగే రోజుల్లో బస్సులో కూర్చున్నా ముక్కుకు తగిలే తీపివాసన. ఇప్పుడా స్తంభాలు కొన్ని ప్రహరీగోడల పునాదుల్లో ఉన్నాయి, కొన్ని ఎక్కడికి పోయాయో తెలియదు. కాలనీ కట్టినవాళ్లు నీడా ఇవ్వని, కాయా కాయని ఈతచెట్టు లాంటివేవో వరసగా నాటి చేతులు దులుపుకుంటే, నేనే ఊరుకోలేక గేటు పక్కన ఒక మునగ, వెనకాల కరివేపాకు, గోడవారగా నాలుగు గోరింట మొక్కలు పెట్టుకున్నాను.

ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. మన వాస్తు పంతుళ్లు దక్షిణం యముడి దిక్కని భయపెడితే, చైనావాళ్లకు దక్షిణమే అదృష్టమట, అటునుంచి వచ్చే గాలికి అడ్డం ఉండకూడదట. మాకు అటునుంచి వచ్చేది జవహర్‌నగర్ చెత్తగుట్ట వాసన ఒక్కటేనని చెబుదామనుకుని, వచ్చిన మనిషిని వచ్చీరాగానే దులపడం ఎందుకని ఊరుకున్నాను. తరువాత చెట్ల మీద పడ్డాడు. ఇంటిముందు మల్బరీ పెడితే ఏడుపు, ఇంటివెనక ఏటి ఒడ్డున కొమ్మలు వేలాడేసుకుని పెరిగే ఏదో చెట్టు పెడితే డబ్బు నిలవదు, అరటి పెడితే దయ్యాలు, వాకిలికి ఎదురుగా పెద్ద చెట్టుంటే వచ్చే మంచి అక్కడే ఆగిపోతుంది, కాబట్టి మునగ కొట్టేయాలి. నిజం చెప్పాలంటే వీటిలో కొన్ని నాకేమీ వింతగా అనిపించలేదు. మా అవ్వ కూడా చింతచెట్టును ఇంటి దాపుకు రానిచ్చేది కాదు. గోడకు ఆనుకుని పెద్ద చెట్టుంటే వేరు పునాదిలోకి పోతుంది, ఇంట్లోకి వెలుగు రాదు, పాములు చేరతాయి. పాతకాలం మనుషులు ఆ భయాన్నే దయ్యం పేరు పెట్టి చెప్పారు, అది చైనా అయినా మేడ్చల్ అయినా ఒకటే. మునగ కొట్టాలన్నందుకు కోపం వచ్చిన మాట నిజమే, అయితే అది పప్పుచారు కోసం వచ్చిన కోపం.

అసలు కోపం తరువాత వచ్చింది. గుమ్మానికి కుడిపక్కన దానిమ్మ నాటాలన్నాడు. ఆ పండులో గింజలు ఎక్కువ కాబట్టి ఆ దేశంలో దాన్ని సంతానానికి గుర్తుగా చూస్తారట, పెళ్లికూతురికి కానుకగా ఇస్తారట. బాగానే ఉంది. మా కోడలే తన చేత్తో నాటాలి, రోజూ పొద్దున్నే నీళ్లు పోయాలి, కొమ్మకు ఎర్రదారం కట్టాలి. సరే, నీళ్లేగదా అనుకున్నాను. వాళ్ల కొత్త సంవత్సరం నాడు ఇంకొక పని చేయాలట. ఇంటి మగవాడు కత్తి పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లి, కాస్తావా కాయవా, కాయకపోతే కొట్టేస్తానని బెదిరించాలి, ఇంటి కోడలు చెట్టు వెనక నిలబడి దాని తరపున, కాస్తాను కొట్టకు అని జవాబు చెప్పాలి. అక్కడి పల్లెల్లో ఇది పాత ఆచారమట. అలా చెప్పిన ఆడదాని కడుపు ఖాళీగా ఉండదట. ఇది చెప్పి ఆయన నవ్వాడు, మావాడు కూడా నవ్వాడు. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, సికింద్రాబాద్ ఆసుపత్రిలో ఒంట్లో రక్తమంతా పరీక్షలకే ధారపోసి, సూదులు పొడిపించుకుని పొడిపించుకుని అలిసిపోయిన మా కోడలు మాత్రం నవ్వలేదు. తల ఊపింది. సరేనంది.

నేను లేచి నిలబడ్డాను. ఈ ఆచారం కోసం చైనా దాకా పోవాలా, మా ఇంటి పెరట్లోనే చూశాను నేను, ఇంకెప్పుడూ చూడకూడదనుకున్నాను. కాఫీ తాగి వెళ్లండి అన్నాను ఆయనతో. నా గొంతు విని కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మాది మేడ్చల్ దాటి లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు. నాయిన, పెద్దనాయిన కలిసే ఉండేవాళ్లు, వాళ్ల తల్లి, అంటే మా అవ్వ మాటే ఇంట్లో చెల్లుబాటు. పెద్దమ్మది కీసర. ఆ రోజుల్లో మా వైపు కొన్ని ఇళ్లలో పెళ్లికూతురు పుట్టింటి నుంచి ఒక మొక్క తెచ్చి అత్తింటి పెరట్లో నాటే పద్ధతి ఉండేది. మొక్క వేరు పట్టుకుంటే పిల్ల ఆ ఇంట్లో నిలదొక్కుకుంటుందని నమ్మకం. పెద్దమ్మ జామమొక్క తెచ్చింది. మా అమ్మ తెచ్చిన నిమ్మమొక్క నాటిన కొన్నాళ్లకే ఎండిపోతే ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటికే నేను కడుపులో పడ్డాను. పెద్దమ్మ జామ మాత్రం ఏపుగా పెరిగింది. పెరిగిందిగానీ కాయలేదు. పెద్దమ్మకూ పిల్లలు కాలేదు. ఇక ఆ రెండింటినీ ముడివేయడానికి మా అవ్వకు ఎవరి సలహా అక్కర్లేకపోయింది.

ఆ చెట్టు కింద గడిచిన నా చిన్నతనం ఎంత బాగుండేదో చెప్పాలంటే పెద్దమ్మ గురించే చెప్పాలి. నాకు తల దువ్వేది ఆమె, బడికి పోయేటప్పుడు సద్దిమూట కట్టేది ఆమె, జ్వరమొస్తే ఒడిలో పడుకోబెట్టుకునేది ఆమె. అమ్మకు చెల్లెళ్లూ తమ్ముళ్లూ వరసగా పుడుతుంటే నేను పెద్దమ్మకు వదిలేసిన పిల్లను. రాత్రి అన్నంలోకి ఆమె నూరే చింతచిగురు పచ్చడి రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. అంతటి మనిషిని ఏం చేశారో చెబుతాను.

ఒక సూర్యగ్రహణం నాడు, మధ్యాహ్నం పూట. మా వైపు గ్రహణం పట్టగానే నీళ్లు పోసిన ఇత్తడి తాంబాళంలో రోకలి నిలబెట్టేవాళ్లు. అది నిలబడితే గ్రహణం ఉన్నట్టు, పడిపోతే విడిచినట్టు. కాయని చెట్టును గ్రహణం వేళ రోకలితో కొడితే కాస్తుందని కూడా చెప్పుకునేవాళ్లు. అవ్వ ఆ రోకలి తీసుకుని పెరట్లోకి నడిచింది, వెనకాల పెద్దనాయిన గొడ్డలితో, ఆ వెనకాల ఇరుగుపొరుగు ఆడవాళ్లు. పెద్దమ్మను చెట్టుకు అవతల నిలబెట్టారు. చెట్టుకు నోరు లేదు కాబట్టి దాన్ని తెచ్చిన మనిషే జవాబు చెప్పాలని అవ్వ తీర్మానం. దానికి సిగ్గు రావాలని కొమ్మకు పాత చీపురు, తెగిన చెప్పు కట్టారు. అవ్వ చెట్టు మొదట్లో రోకలితో ఒక దెబ్బ వేసి అడిగింది.

"కాస్తవా, కొట్టెయ్యమంటవా?"

"కాస్త. కొట్టకు" అంది పెద్దమ్మ.

వినబడలేదు, గట్టిగా చెప్పమన్నారు. మళ్లీ దెబ్బ, మళ్లీ ప్రశ్న. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. అవ్వ కొడుతున్నది చెట్టునే అయినా చూస్తున్నది పెద్దమ్మ ముఖంలోకి. గొడ్డలి పట్టుకున్న పెద్దనాయిన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. కొడుతుంటే ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మూడోసారో నాలుగోసారో పెద్దమ్మ గొంతు చీరుకుపోయేలా అరిచింది, కాస్త, కాస్త, కొట్టకు అని. అందరూ తృప్తిగా ఇళ్లకు వెళ్లి తలస్నానాలు చేశారు.

మరుసటి ఏడాది జామ కాసింది. మామూలు కాపు కాదు, కొమ్మలు వంగి నేలకు తగిలాయి. గింజ నుంచి లేచిన జామ కాపుకు రావడానికి దాని సమయం దానికి పడుతుంది, వచ్చే వయసుకు వచ్చింది, అంతే. కానీ పెద్దమ్మకు అంతకంటే పెద్ద అపకారం ఏ శత్రువూ చేయలేడు. అప్పటిదాకా చెట్టూ ఆమే ఒకటి. ఇప్పుడు చెట్టు మాట నిలబెట్టుకుంది, ఆమె తప్పింది. ఊళ్లో ఎవరింటికి కాయలు పంచడానికి పంపినా ఆ మాటే వినిపించేది. గంప నెత్తిన పెట్టి పంపించేది అవ్వే, కావాలనే పంపించేది. చెట్టుకున్న సిగ్గు కూడా లేదని ఎవరో అన్నారని పెద్దమ్మ ఒకరోజు మా అమ్మతో చెప్పి, చెప్పిన వెంటనే మాట మార్చేసింది. ఆ కాయల్లో ఒక్కటి కూడా ఆమె నోట పెట్టుకోగా నేను చూడలేదు.

తరువాత జరగవలసిందే జరిగింది. తూంకుంట వైపు నుంచి పెద్దనాయినకు రెండో పెళ్లి చేసుకొచ్చారు. పెద్దమ్మే వాకిట్లో ముగ్గు వేసింది, పెద్దమ్మే హారతి పళ్లెం కలిపింది. వచ్చిన అమ్మాయి పాపం మంచిదే, నాకంటే కొద్దిగా పెద్దది, మేము చిన్నపెద్దమ్మ అని పిలిచేవాళ్లం. ఆమె ఏ మొక్కా తేలేదు, అవ్వే వద్దంది. ఏళ్లు గడిచాయి, ఆమెకూ పిల్లలు కాలేదు. జామ మాత్రం ఏటేటా విరగకాసింది. అప్పుడు మా అవ్వ బుర్రకు తట్టిన సంగతి ఏమిటో ఊహించగలరా? "ఇంటి పంటంత గా చెట్టే తింటాంది" అంది. నాటిన రోజు నుంచి మా ఇంటి సంతానాన్నంతా ఆ చెట్టు మింగి కాయలుగా కాస్తోందట! కాయకపోతే పెద్దమ్మ తప్పు, కాస్తే కూడా పెద్దమ్మ తప్పే. ఎటు తిప్పినా ఆమె మీదికే వచ్చి ఆగే లెక్క ఇది, దీన్ని మా ఇంట్లో ముసలీముతకా, చదువుకున్న మా నాయినా అందరూ తలలూపి ఒప్పుకున్నారు.

చెట్టు కొట్టేయాలని తేల్చారు. కొట్టే ముందు దానికి పసుపు కుంకుమ పెట్టి చెప్పుకోవాలి కదా, ఆ పని కూడా తెచ్చిన మనిషే చేయాలన్నారు. పెద్దమ్మ పళ్లెం పట్టుకుని చెట్టు దాకా వెళ్లింది. వెళ్లి పళ్లెం నేల మీద పెట్టింది. ఆ ఇంట్లో ఆమె గట్టిగా మాట్లాడగా గ్రహణం రోజు తరువాత నేను విన్నది అప్పుడే.

"ఇన్నేండ్లు చెట్టు మాట నేనే చెప్పిన. ఇగ నాతోని గాదు."

లోపలికి వచ్చి రెండు చీరలు మూటగట్టుకుని, నా తల ఒకసారి నిమిరి, మేడ్చల్ రోడ్డెక్కి కీసరకు వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు. వెనకాల పెరట్లో గొడ్డలి చప్పుడు మొదలైంది. మళ్లీ ఆమె ఆ గడప తొక్కలేదు, పెద్దనాయిన ఒక్కసారి కూడా కీసరకు పోలేదు.

నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, మా అబ్బాయి పుట్టాక వాణ్ణి ఎత్తుకుని కీసర గుట్ట మొక్కు పేరు చెప్పి పెద్దమ్మను చూడటానికి వెళ్లాను. తమ్ముడింట్లో ఉంటూ పొలం పనులకు పోతోంది, మనిషి సగమైంది. నన్ను చూసి సంబరపడిపోయింది గానీ పిల్లవాడి వైపు చేతులు చాపలేదు. తీసుకో పెద్దమ్మా అంటే, వద్దు బిడ్డా, చేతులు మురికి అంది. ఆ తమ్ముడి భార్య నీళ్లకోసం బయటికి వెళ్లాక మాత్రం ఒక్క ఉదుటున వాణ్ణి నా ఒళ్లోంచి తీసుకుని, గుండెకు అదుముకుని, మాడు మీద ముక్కు పెట్టి వాసన చూసింది. బిందె చప్పుడు వినగానే మళ్లీ నా ఒళ్లో పెట్టేసింది. వచ్చేటప్పుడు నా చెవి దగ్గర, "ఇంటికి వొయ్యి దిష్టి తియ్యి బిడ్డా, నేను ఎత్తుకున్న గదా" అంది. అదే నేను ఆమెను చివరిసారి చూడటం.

పెద్దమ్మ దొంగతనంగా ఎత్తుకున్న ఆ పిల్లవాడే మొన్న మా హాల్లో కూర్చుని, తన భార్యను చెట్టు వెనక నిలబెట్టే ముచ్చట విని నవ్వినవాడు.

ఆ సాయంత్రం కోడలూ నేనూ వంటింట్లో కూర్చుని మునగాకు దూస్తుంటే ఇదంతా ఆమెకు చెప్పాను. చైనా మీద నాకు కోపం లేదమ్మా, అక్కడ కూడా ఏ ఇంటి పెద్దమ్మనో ఇలాగే చెట్టు వెనక నిలబెట్టి అరిపించి ఉంటారు, వాళ్లు మాత్రం ఏం సుఖపడ్డారు అన్నాను. ఆమె ఆకు దూయడం ఆపేసింది. తరువాత మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, మీ పెద్దనాయిన ఎన్నడన్న దవాఖానకు వోయిండా?"

పోయినట్టు నేనెప్పుడూ వినలేదన్నాను. ఇద్దరు పెళ్లాలు, ఇద్దరికీ పిల్లలు లేరు, నడుమ గొడ్డలి పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి ఒక్కడే. కోడలు తల వంచుకుని మిగతాది చెప్పింది. ఆమె పరీక్షలన్నీ అయ్యాయట, ఆమెలో ఏ లోపమూ లేదట, ఇక ఆయన రావాలని డాక్టరమ్మ ఎన్నిసార్లు కబురు పెట్టినా మావాడు పోలేదట. నాకేమైంది అంటాడట. సెలవు దొరకలేదంటాడట. ఈ చైనా ఆయన కోసం మాత్రం ఆదివారమంతా దొరికింది.

నేను వాణ్ణి వంటింట్లోకే పిలిచాను. ఎందుకు పోలేదని అడిగాను.

"గదంత ఎందుకమ్మా, ముందు గీ దానిమ్మ పెట్టి చూద్దాం, ఏంబోతది?" అన్నాడు.

"ఏంబోతదో నాకెర్క" అన్నాను. ఆ కోపంలో బడి భాష పోయి మా ఊరి మాట వచ్చింది నా నోటికి. "నువ్వు దవాఖానకు వొయ్యి రా. నువ్వు వొయ్యొచ్చేదాక గీ ఇంట్ల ఏ చెట్టూ పెట్టేది లేదు, కొట్టేది లేదు. నీ పెండ్లాం ఎవ్వలకూ జవాబు చెప్పది."

వాడు నా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ముఖంలో సిగ్గు, కోపం, భయం మూడూ కనిపించాయి, భయమే ఎక్కువ. భయపడే మగవాణ్ణి చూస్తే నాకు జాలి వేస్తుంది, వేసింది కూడా, కానీ ఆ జాలి కోసం ఇంకొక ఆడదాన్ని చెట్టు వెనక్కి పంపడానికి నేను సిద్ధంగా లేను. ఈ పొద్దున వెళ్లాడు. ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లారు. ఏమొస్తుందో నాకు తెలియదు, వచ్చినదాన్ని ఇద్దరూ కలిసి మోస్తారు.

వాళ్లు వెళ్లాక గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏం మారిందీ అని ఆలోచిస్తే, మా ఊళ్లో గ్రహణానికి రోకలి నిలబెట్టే ఇల్లు ఇప్పుడు ఒక్కటీ లేదు, పెరళ్లే లేవు, పెళ్లికూతుళ్లు మొక్కలు తేవడం లేదు, అవ్వలందరూ పోయారు. వాళ్ల ఆచారాలు పోయాయని మనం సంతోషించేలోపు అవే ఇంకో దేశం పేరు పెట్టుకుని దిక్సూచి పట్టుకుని వస్తున్నాయి, చదువుకున్న కొడుకులు వాటికి తలుపు తీస్తున్నారు. మారింది ఏదైనా ఉందంటే మా కోడలు అడిగిన ఆ ఒక్క ప్రశ్న. మా అవ్వ అది అడగలేదు. అమ్మా నాయినా అడగలేదు. ఇంతమంది పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఈ వయసు దాకా తోచలేదు. పెద్దమ్మకు మాత్రం తోచే ఉంటుంది, గ్రహణం రోజున చెట్టు అవతల నిలబడి గొడ్డలి పట్టుకున్న ఆ మనిషిని చూస్తున్నప్పుడే తోచి ఉంటుంది. ఎవరిని అడగాలి ఆమె?